పట్టువిడుపు: పెద్ద చేపకు తక్కువ ధర గాలం

ఛందస్సును, సంధిసమాసాలను విడిచి ఈ తెలుగు పంతులు గాలం గురించి టపా వ్రాస్తున్నాడేమిటని బ్లాగ్మిత్రులు ఆశ్చర్యపోవచ్చు. గాలం పట్టి నాకు ఎనిమిదేళ్ళయింది. ముప్పయ్యేళ్ళకు పైగా బడిగంటకు అలవాటు పడిన శరీరం, పదవీ విరమణ చేసిన మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఏం చేయాలో తోచక గోదావరి గట్టుకు నడిచింది. అక్కడ ఒక వెదురు కఱ్ఱ, నాలుగు బారల నైలాను దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు పట్టుకొని కూర్చున్న కుఱ్ఱవాడి పక్కన చతికిలబడ్డాను. ఆనాటి నుండి ఇంకా లేవలేదనే మా ఇంట్లో వారి అభియోగం.

మొన్న సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు, "మామయ్యా, పెద్ద చేపను పట్టాలంటే కఱ్ఱా రీలూ ఎంతలో వస్తాయి?" అని అడిగాడు. వాడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. చేతిలో డబ్బు తక్కువ, ఉత్సాహం ఎక్కువ. చెప్పబోయిన అంకె నా నోటిలోనే ఆగిపోయింది. ఆ అంకె చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఆ తప్పును ఒప్పుకొంటూ, దాని నుండి నేర్చుకొన్నదాన్ని నలుగురితో పంచుకోవడానికే ఈ టపా.

ముందుగా మాటల సంగతి తేల్చుకొందాం. అది నా వృత్తిదోషం, మన్నించాలి. సంస్కృతంలో బడిశం అన్నా, తెలుగులో గాలం అన్నా నిజానికి ఆ కొక్కెం ఒక్కటే. వాడుకలో మాత్రం కఱ్ఱ, దారం, కొక్కెం అన్నీ కలిపి గాలమే. రీలులో దారం చుట్టుకొని ఉండే భాగానికి కొత్త మాట వెదకనక్కరలేదు. మన నేతవారి 'కండె' ఉంది. ఈ పోలిక నా కల్పన కూడా కాదు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డుకు చెందిన నేతమిల్లుల యజమాని ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంటు పొందిన రీలే నేటి స్పిన్నింగు రీళ్ళకు మూలపురుషుడు. మిల్లులో కదలని కండె కొసనుండి నూలు జారివచ్చే తీరునే ఆయన గాలానికి పట్టించాడు. ఇక చేప లాగినప్పుడు దారాన్ని కొంత వదులుతూ, కొంత బిగిస్తూ ఉండే ఏర్పాటును దుకాణాలవారు డ్రాగ్ అంటారు. నేను దాన్ని 'పట్టువిడుపు' అంటాను. మనుషుల మధ్య వ్యవహారానికి ఆ మాట ఎంత సరిపోతుందో, మనిషికీ చేపకూ మధ్య అంతకంటె బాగా సరిపోతుందని నా అభిప్రాయం. మిత్రులు ఇంతకంటె మంచి మాట సూచిస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

ఇక నా తప్పు. ఏడేళ్ళ క్రితం పట్నంలో ఒక దుకాణంలో కఱ్ఱ, రీలు, దారం, కొక్కేలు అన్నీ కలిపి ఒకే అట్టపెట్టెలో 1,200 రూపాయలకు ఇచ్చారు. పెట్టె మీద నోరు తెరిచిన పెద్ద చేప బొమ్మ. బేరం కుదిరిందని పొంగిపోయాను. ఆ ఏడు కార్తీకమాసంలో, వరద తగ్గి నీరు తేటపడిన రోజుల్లో, ఒక సాయంత్రం చిన్న పరిగెను ఎరగా గుచ్చి వేశాను. మసక చీకట్లు పడే వేళకు ఒక వాలుగ పట్టింది. అయిదారు కిలోలు తక్కువ ఉండదు. మొదట పది బారల దారం లాక్కొని పోయింది. నేను మర బిగించాను. ఆ పైన కండె తిరగడం మానివేసింది. వదులు చేద్దామంటే కదలదు. చేతిపిడి వంకరపోయింది. చేప మరొక్కసారి ఊపింది. దారం ఫట్టున తెగి నా ముఖానికి కొట్టింది.

ఇంటికి వచ్చి ఈ కథ నవ్వుతూ చెప్పాను. తప్పించుకొని పోయిన చేప ఎప్పుడూ పెద్దదే అని మా ఆవిడా నవ్వింది. నాలుగు రోజుల తరువాత నా పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. పడవ వేసుకొని వలలతో బతికే కుటుంబం వాడిది. చేయి చాపి అరచేయి తెరిచాడు. నా కొక్కెం, దానికి ఒక బారెడు నీలం దారం.

"మేస్టారండీ, ఇది మీదేనాండీ? ఆ రేవులో నీలం దారం మీరొక్కరే వాడతారు కదండీ," అన్నాడు. తూటికాడ పొదలో దారం చుట్టుకొని, కొక్కెం గొంతులో దిగి, వాలుగ చచ్చి పడి ఉందట. అప్పటికే కుళ్ళడం మొదలయింది. "మేం పట్టుకుంటే తింటామండి, లేదంటే అమ్ముకుంటామండి. ఇదెవరికీ కాకుండా పోయిందండి."

వాడి గొంతులో నింద లేదు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఎన్నో ఏళ్ళు వాడివంటి పిల్లలకు నీతిపద్యాలు అప్పగింపించినవాణ్ణి. ఆ రోజు పాఠం నేను అప్పగించవలసి వచ్చింది.

నాటి నుండి 'చవక' అన్న మాటకు నా నిఘంటువులో అర్థం మారింది. చేపను ఒడ్డుకు చేర్చే పనిని గానీ, క్షేమంగా నీటిలోకి వదిలే పనిని గానీ పూర్తి చేయలేని పరికరం ఎంత తక్కువకు దొరికినా అది ఖరీదైనదే. ఆ ఖరీదును మనం కాక చేప చెల్లిస్తుంది. అలాగని పాతికవేల రూపాయల పరికరం అక్కరలేదు. డబ్బు ఎక్కడ మిగల్చవచ్చునో, ఎక్కడ మిగల్చరాదో తెలిస్తే పింఛనుదారు కూడా పెద్ద చేపతో న్యాయంగా తలపడవచ్చు. నా అనుభవసారం ఇది: కఱ్ఱ పేరుప్రతిష్ఠల మీద మిగల్చండి, బేరింగుల లెక్క మీద మిగల్చండి, పట్టువిడుపు మీద, దారం మీద, కొక్కెం మీద మిగల్చవద్దు.

పట్టువిడుపుతో మొదలు పెడతాను. కండెను నొక్కి ఉంచే బిళ్ళలు లోపల ఉంటాయి. మంచివాటిలో అవి ఫెల్టువో, కార్బనువో అయి ఉంటాయి. నాసిరకం రీలులో ఈ బిళ్ళలు మొదట జారవు, జారితే ఒక్కసారిగా జారుతాయి, మళ్ళీ పట్టేస్తాయి. ఆ కుదుపులోనే దారం తెగుతుంది. దీన్ని దుకాణంలోనే పరీక్షించవచ్చు. కూరగాయల వారి దగ్గర కొక్కెంతో వేలాడే స్ప్రింగు త్రాసు ఉంటుంది కదా, అటువంటి చిన్నది ఒకటి వెంట తీసుకుపోండి. దారాన్ని దానికి కట్టి నెమ్మదిగా లాగండి. ముల్లు ఒకచోట నిలిచి దారం సాఫీగా వస్తే రీలు మంచిది. ముల్లు ఎగిరెగిరి పడుతుంటే, దాని మీద ఎన్ని బంగారు గీతలున్నా వదిలేయండి. గట్టున కూర్చొన్నాక కూడా అదే త్రాసుతో బిగింపు సరిచూసుకోవాలి. దారం ఎంత బరువుకు తెగుతుందో అందులో నాలుగో వంతు నుండి మూడో వంతు దగ్గర దారం జారడం మొదలవాలి. 20 పౌండ్లని వ్రాసి ఉన్న దారం అంటే సుమారు 9 కిలోలు. కనుక బిగింపు రెండుంబావు నుండి మూడు కిలోల మధ్య ఉంటే చాలు.

దారం ఎంత పోతే బిగింపు అంత పెరుగుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.  కండె మీద దారపు చుట్ట వ్యాసం సగానికి తగ్గితే, మర తిప్పకపోయినా, చేప లాగవలసిన బలం రెట్టింపవుతుంది. నీటిలో సాగిన దారపు ఒరిపిడి అదనం. నేనారోజు చేప దూరం పోయే కొద్దీ బిగించాను. చేయవలసింది దానికి సరిగ్గా విరుద్ధం.

ఇక రీలు మీద బేరింగుల లెక్క. పెట్టె మీద 12 అనీ, 13 అనీ అచ్చు వేస్తారు. నాసిరకం బేరింగులు పదమూడు ఉండటం కంటె మంచివి నాలుగు ఉండటం మేలు. వాటి బదులు చేతిపిడిలో ఊగులాట, దారం మీదికి పడే తీగ బిగువు, ఆ తీగ చివర దారం ఒరసిపోయే చిన్న గిలక తిరుగుతున్నదా లేదా అన్నవి చూడండి. పిడి వెనక్కు తిరగకుండా ఆపే ఏర్పాటు గట్టిగా ఉండాలి. ఇది సైకిలు వెనక చక్రంలోని ఫ్రీవీలు వంటిదే. జపానులో షిమానో సంస్థ 1921లో సైకిలు ఫ్రీవీళ్ళు తయారు చేస్తూ మొదలై తరువాత రీళ్ళలోకి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. పరిమాణం విషయంలో, మన నదుల్లో, చెరువుల్లో పెద్ద చేపలకు 4000 నుండి 6000 అంకె గల స్పిన్నింగు రీలు సరిపోతుంది. అంతకంటె చిన్నదానిలో తగినంత దారం పట్టదు. పెద్దది మోస్తే నా వయసువారికి మణికట్టు నొప్పి.

కఱ్ఱ విషయానికి వస్తే, మనవారికి ఇది కొత్త విద్య కాదు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే ప్రకరణమే ఉంది. చేపల జాతులు, ఎరలు, గాలం వేసే తీరు అందులో చెప్పాడు. మత్స్యశాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా దాన్ని పరిశీలించి 1951లో వ్యాసం ప్రచురించాడు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ ఈ దేశపు గాలపు వేట మీద 1873లో ఒక గ్రంథమే వెలువరించాడు. అప్పుడు ఎక్కువగా వెదురే. రెండవ ప్రపంచయుద్ధం తరువాత గాజునార కఱ్ఱలు, 1970ల్లో కార్బను కఱ్ఱలు వచ్చాయి.

తక్కువ ధరలో పెద్ద చేపకు నా ఓటు గాజునారకే. అది బరువు, చిన్న చేప ముట్టిన సంగతి చేతికి అంత త్వరగా తెలియదు. కాని బాగా వంగుతుంది, రాయికి తగిలినా ఓర్చుకొంటుంది, బస్సులో మూల పడేసినా బతుకుతుంది. కార్బను కఱ్ఱ తేలిక, చురుకు. దెబ్బ తగిలితే లోలోపల బీటవేసి, చేప పడ్డ రోజున విరుగుతుంది. పైగా కార్బను విద్యుద్వాహకం. కాలువగట్ల మీద కరెంటు తీగలు ఎంత కిందుగా వేలాడుతుంటాయో మీకు తెలుసు. తీగల కిందా, ఉరుములు వినబడేటప్పుడూ దాన్ని ఎత్తి పట్టుకోవడం ప్రాణాపాయం. తడిసిన ఏ కఱ్ఱనూ ఆ చోట్ల ఎత్తరాదనుకోండి.

పొడవు 7 నుండి 9 అడుగులు చాలు. కఱ్ఱ పొడవు పెరిగే కొద్దీ దూరం విసరవచ్చు, కాని తులాదండ న్యాయం ప్రకారం లాగేటప్పుడు చేపకే బలం కలిసివస్తుంది. కొనేటప్పుడు దారాన్ని రింగులన్నిటిలోనుంచి దూర్చి, కొసకు లీటరు నీళ్ళ సీసా కట్టి నెమ్మదిగా ఎత్తి చూడండి. వంపు ధనుస్సులా క్రమంగా రావాలి. ఒకచోట మోకాలు మడిచినట్లు మడవరాదు. రింగుల లోపల దూది తిప్పి చూడండి. దూది చిక్కుకొంటే అక్కడ గరుకు ఉన్నట్లే, రేపు దారమూ అక్కడే కోసుకొంటుంది. చేప పడ్డాక కఱ్ఱను నిటారుగా ఆకాశానికి ఎత్తకండి. అప్పుడు భారమంతా సన్నని కొస మీద పడి, ఎంత ఖరీదైనదైనా విరుగుతుంది.

దారంలో రెండు రకాలు. ఒంటిపోగు నైలాను సాగుతుంది, కుదుపును ఓర్చుకొంటుంది, చవక. అయితే ఎండకు చెడుతుంది. ఏటా మార్చాలి. జడలా అల్లిన దారం అదే బలానికి ఎంతో సన్నం, సాగదు. రాతికి ఒరిస్తే మాత్రం త్వరగా తెగుతుంది. కొత్తగా నేర్చుకొనేవారికి మంచి నైలానే మేలని నా అభిప్రాయం. ముడి బిగించే ముందు తడపండి. పొడిముడి బిగిస్తే వేడికి నైలాను బలం పోతుంది. కొక్కెం మొనను గోటి మీద మెల్లగా లాగండి. జారిపోతే మొద్దుబారినట్లు, గీరుకొని ఆగితే పదునున్నట్లు. మొన దగ్గర ఉండే ముల్లును పటకారుతో నొక్కివేసి వాడటం నాకు అలవాటు. వదలవలసిన చేపను నొప్పి తక్కువగా వదలవచ్చు. ఒకవేళ దారం తెగినా, కొక్కెం ఊడిపోయే అవకాశం చేపకు మిగులుతుంది.

ఇవన్నీ ఏ చేప కోసమన్నది ముందే తేల్చుకొంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. బొచ్చె నోరు పైకి తెరిచి ఉంటుంది, పైనీటిలో మేస్తుంది. శీలావతిది నడిమి నీరు. ఎఱ్ఱమోసు అడుగున మేస్తుంది. ఈ మూడింటికీ తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద చాలు. లోతు మార్చుకోవడమే తేడా. వాలుగ మాంసాహారి, చీకటిపడ్డాక తిరుగుతుంది, నోటినిండా పళ్ళు. దానికి కొక్కెం దగ్గర జానెడు ఉక్కుతీగ ఉండాలి. కొరమీను గడ్డి మధ్య ఉంటుంది. దూరం విసరనక్కరలేదు, గట్టి కఱ్ఱ కావాలి. అయితే ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపైన ముసురుతూ కనిపిస్తే అక్కడ గాలం వేయవద్దని నా మనవి. కొరమీను జంట పిల్లలను కాచుకొనే జాతి. ఆ సమయంలో తల్లిదండ్రులను లాగేస్తే పిల్లలన్నీ ఇతర చేపల పాలే.

రెండవసారి నాకైన ఖర్చు చెబుతాను. గాజునార కఱ్ఱ 1,100, రీలు 1,900, నైలాను దారం 450, కొక్కేలు, సీసపు గుండ్లు, తీగలు 300, స్ప్రింగు త్రాసు 150. మొత్తం 3,900 రూపాయలు. ధరలు ఊరికొకటి, ఏటికొకటి. వాటి మధ్య పాలు గమనించండి. కఱ్ఱకు దాదాపు రెట్టింపు రీలుకు పెట్టాను. దుకాణదారు మాత్రం నన్ను తళతళలాడే కఱ్ఱ వైపే నడిపించబోయాడు.

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. మా తాతలు రీలు లేకుండా పట్టలేదా అంటారు కొందరు. పట్టారు. చేతితాడు వేసే జాలరి వేళ్ళే అతని పట్టువిడుపు. ఎంత వదలాలో, ఎక్కడ నిలపాలో ఆ చర్మానికి తెలుసు. ఏళ్ళ తరబడి నీటి మీద బతికితే వచ్చిన ఆ విద్యను మనం దుకాణంలో కొనలేం. కొనగలిగింది దానికి ఒక నకలు. ఆ నకలైనా నిజాయితీ గలది కావాలంటున్నాను. ఒకేసారి ఖరీదైనది కొంటే జీవితాంతం ఉంటుందని మరికొందరి మాట. నిజమే, కాని అంత డబ్బు పెట్టాక దాన్ని గోదావరి ఇసుకలో పెట్టడానికి చేతులు రావు. నేర్చుకొనేవాడి పరికరం గీతలు పడ్డా బాధ కలగనిదై ఉండాలి.

అన్నిటికంటె గట్టి ఆక్షేపణ మా ఆవిడది. "ఆ డబ్బుతో బజారులో ఎన్ని కిలోల చేపలు వచ్చేవో లెక్క వేశారా?" అంటుంది. వేశాను. ఆ లెక్కలో నేను ఓడిపోయాను, ఇప్పటికీ ఓడిపోతూనే ఉన్నాను. గట్టున కూర్చున్న సాయంత్రాల విలువను ఆమె ఖాతాలో జమ చేయించడం ఇంతవరకూ నా వల్ల కాలేదు.

ఒక హెచ్చరిక. ఊరి చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘాలది. అడగకుండా గాలం వేస్తే అది వారి కూటిలో చేయి పెట్టడమే. అభయారణ్యాల నీళ్ళలో చట్టం ఒప్పదు. అనుమతి అడగటానికి పైసా ఖర్చు కాదు. ఈ జాబితా మొత్తంలో అన్నిటికంటె చవకైనది అదే.

మేనల్లుడికి చివరకు నాలుగువేలని చెప్పాను. "పెట్టెలో అన్నీ కలిపి పదిహేనువందలకే వస్తున్నాయి కదా మామయ్యా?" అన్నాడు. నా వ్రాతబల్ల సొరుగు తెరిచి, తుప్పు పట్టిన ఆ కొక్కేన్నీ, రంగు వెలిసిన నీలం దారాన్నీ వాడి చేతిలో పెట్టి, పైన వ్రాసినదంతా చెప్పాను. వాడు చాలాసేపు వాటిని తిప్పి తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు. మర్నాడు ఇద్దరం పట్నం వెళ్ళాం. త్రాసు మాత్రం నేను కొనిపెట్టాను.